గోరంత ఎక్కువ శబ్దం

మా ఇల్లు, ముందు గది
జూన్ 9

అన్నయ్యకు,

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట సగమే నిజం. నేను బాగున్నాను. మీ బావ పోయిన నెలాఖరున మిల్లు పని మానేశారు. మానేశారు అనడం కన్నా వాళ్లే మాన్పించారు అనాలి. మగ్గాల హాల్లో వెనక నుంచి బండి వస్తుంటే నలుగురు అరిచారట, ఈయనకు వినపడలేదు. దెబ్బేమీ తగల్లేదు, దేవుడి దయ. మర్నాడే చెవుల డాక్టరు దగ్గరికి పంపారు.

డాక్టరు ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు గిన్నెల్లాంటివి తగిలించి, వినపడినప్పుడల్లా వేలు ఎత్తమన్నారు. నేను అద్దంలోంచి చూస్తున్నాను. చాలాసేపు వేలు లేవలేదు. ఆయన మాత్రం ఎంతో శ్రద్ధగా వింటూ కూర్చున్నారు. తర్వాత డాక్టరు ఒక కాగితం చూపించారు. దాని మీద గీత కుడివైపుకు వెళ్లేకొద్దీ మెట్లు దిగినట్టు దిగిపోయింది. సన్నటి శబ్దాలు ఇప్పటికే పోయాయట. మిగిలినవి కూడా ఏడాదిలో చాలా వరకు పోవచ్చట. ఇరవై ఆరేళ్లు ఆ మోతలో ఉన్నందుకే అన్నారు. చెవి మిషను మాటలకు పనికొస్తుంది గానీ పాటలకు అంతగా పనికిరాదట.

ఇంటికి వచ్చాక, చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "మనింట్లోకి పాటలు వినడానికి ఒక సెట్టు కొందామా" అన్నారు. నేను చేస్తున్న పని ఆపేశాను. నీకు తెలుసు కదా, మీ ఇద్దరి షాపు వదిలి వచ్చాక ఆయన మళ్లీ సోల్డరింగ్ రాడ్డు ముట్టుకోలేదు. ఎవరింట్లోనైనా మంచి పాట వస్తుంటే లేచి బయటికి వెళ్లిపోయే మనిషి.

ఊళ్లో ఒక షాపులో రెండు రకాల యాంప్లిఫయర్లు ఉన్నాయట. ఒకటి పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులది, ఇంకోటి ట్రాన్సిస్టర్లది. ఏది తెద్దామని అడిగితే ఆయన చెప్పరు. "మీ అన్నయ్యను అడుగు. వాడి చెవి నా చెవి కన్నా మంచిదని అప్పుడే తేలిపోయింది" అన్నారు. కోపంగా అనలేదు. లెక్క తప్పిన పిల్లవాడు సరైన జవాబు ఒప్పుకున్నట్టు అన్నారు.

అందుకే అడుగుతున్నాను. నువ్వు ట్రాన్సిస్టర్లు, ఆయన వాల్వులు పట్టుకుని పంతాలు పోయిన రోజులు నాకు బాగా గుర్తు. చివరికి ఒక ఆదివారం షాపు ముందు గదిలో దుప్పటి కట్టి, దాని వెనక రెండు పెట్టెలూ పెట్టి, ఐదుగురిని కూర్చోబెట్టి వినిపించారు. ఒకరికి భార్యను, ఒకరికి చెల్లెలిని, పక్షపాతం ఉండదని స్విచ్చి నా చేతికి ఇచ్చారు. ఎనిమిది నెలల అమ్మాయిని ఒళ్లో పెట్టుకుని నేనే తిప్పాను. ఐదుగురిలో నలుగురు నీ పెట్టెకే ఓటు వేశారు. ఆ నలుగురిలో ఈయన కూడా ఉన్నారు.

ఏది తీసుకోమంటావో రాయి. తొందరగా రాయి.

నీ చెల్లెలు


షాపు, మధ్యాహ్నం
జూన్ 20

పిచ్చుకా,

నీ ఉత్తరం బరువు చూసే భయపడ్డాను. నోటితో నాలుగు మాటలు మాట్లాడనిదానివి, మూడు పేజీలు రాశావంటే ఏదో జరిగిందనే అనుకున్నాను. బావ సంగతి చదివి కష్టంగా అనిపించింది. మిల్లువాళ్లు చెవుల్లో పెట్టుకోవడానికి ఏమీ ఇవ్వలేదా? నువ్వైనా దూది పెట్టి పంపాల్సింది.

ఇక నీ ప్రశ్న. వాల్వుల పెట్టె శబ్దం మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. పాడేవాళ్లు ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుందని దాని భక్తులు అంటారు. నా దగ్గరికి ఒక పళ్ల డాక్టరు వస్తాడు, పాటలు వినేది తక్కువ, వాల్వులు వెలుగుతుంటే చూస్తూ కూర్చునేది ఎక్కువ. వాళ్లావిడ నాతో, ఆయనకు పెట్టె కాదు, దీపం కావాలి, అది అమ్మండి చాలు అంది. అదొక పిచ్చి. వాల్వులు కొన్నేళ్లకు నీరసపడతాయి. సరైన జోడీ దొరక్క తిరగాలి. ట్రాన్సిస్టర్ పెట్టెకు ఆ గొడవ లేదు. తుడిచి మూల పెడితే పదేళ్లు పలుకుతుంది. కింది స్థాయి శబ్దం గట్టిగా పట్టి ఇస్తుంది. సన్నటి శబ్దాలు బావకు ఎలాగూ వినపడవు కాబట్టి ఆయనకు కావలసింది అదే.

ఈ చివరి వాక్యం చదివి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే కింద ఏముందో అని నువ్వు వెలుగులో పెట్టి చూస్తావు. అందుకని వదిలేశాను. తప్పుగా అనుకోకు.

ట్రాన్సిస్టర్‌దే తీసుకోండి. దుప్పటి సంగతులు ఇప్పుడెందుకు? ఇరవై ఆరేళ్ల నాటి మాట. ఆ ఐదుగురిలో ఇద్దరు పోయారు కూడా.

అన్నయ్య


మా ఇల్లు
జూలై 7

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఆయనకు ఇచ్చాను. పళ్ల డాక్టరు దగ్గర నవ్వారు. కింద నువ్వు కొట్టేద్దామనుకున్న వాక్యం దగ్గర కూడా నవ్వారు. నిజమే కదా అన్నారు.

దూది గురించి అడిగావు. ఆయన పని మగ్గాలు బాగుచేయడం. నూట ఇరవై మగ్గాలు ఒక్కసారి తిరుగుతుంటే, అందులో ఏది సరిగ్గా లేదో చెవితో పట్టుకోవాలి. దూది పెట్టుకుంటే పట్టుకోలేరు. ఒక మగ్గంలో బోల్టు వదులైతే హాలు అవతలి కొస నుంచి చెప్పేవారట. ఆ చెవి కోసమే అక్కడ ఆయనకు గౌరవం. ఆ చెవినే అక్కడ పెట్టి వచ్చారు. సాయంత్రం ఇంటికి వస్తే మొదటి గంట నేను ఏం చెప్పినా తల ఊపేవారు, అలసట అనుకునేదాన్ని. వినపడక ఊపుతున్నారని ఎప్పటికో తెలిసింది.

నేను గట్టిగా మాట్లాడలేనని నీకు తెలుసు. పొద్దున దేవుడి ముందు కూర్చుని నేను చదువుకునేది వింటూ కాఫీ తాగడం ఆయనకు అలవాటు. పోయిన వారం, నువ్వు ఈ మధ్య మనసులోనే చదువుకుంటున్నావేం అని అడిగారు. నేను ఎప్పటిలాగే పైకే చదువుతున్నాను. అవునండీ అని అబద్ధం చెప్పాను.

మంగళవారం ఆ షాపుకి వెళ్లాం. రెండు పెట్టెలూ వినిపించారు. వాల్వుల దాని దగ్గర ఆయన చాలాసేపు నిలబడ్డారు. మూత తీయించి లోపల తీగలు చూశారు. షాపాయన, "మీకిదే నచ్చినట్టుంది సార్, కట్టమంటారా" అని అడిగాడు. ఈయన, "నాకు నచ్చడం వేరు, మంచిదవడం వేరు. నా చెవి మాట నమ్మను" అన్నారు. ఏమీ తీసుకోకుండా వచ్చేశాం.

అన్నయ్యా, ఒక్కసారి వచ్చి వెళ్లు. వచ్చి ఆయన పక్కన కూర్చుని, రెండూ వినిపించి, ఏది నచ్చితే అదే మంచిది బావా అని చెప్పు చాలు. నువ్వు చెబితే నమ్ముతారు. నేను చెబితే, నీకేం తెలుసు అంటారు. సెప్టెంబరులో మళ్లీ చెవి పరీక్ష ఉంది. అంతకు ముందే రా.

నీ చెల్లెలు


షాపు
జూలై 29

పిచ్చుకా,

రావడం ఇప్పట్లో కుదిరేలా లేదు. కల్యాణ మండపంవాళ్ల స్పీకర్లు పది ఇక్కడే పడి ఉన్నాయి. మీ వదినకు మోకాలు నొప్పి. షాపు వదిలితే చూసేవాళ్లు లేరు.

దాని బదులు నేనే కూర్చుని ఒక పెట్టె తయారుచేశాను. ట్రాన్సిస్టర్‌దే. మంచి సామాను వేశాను, అమ్మకానికి చేసేవాటిలో వేయనివి కూడా. పార్సిల్‌లో పంపుతున్నాను. వెనక ఎర్ర తీగ కుడి స్పీకరుకి. బావకు తెలుసులే, చెప్పక్కర్లేదు.

ఇంకేముంది రాయడానికి. బావ ఆ రోజు గురించి ఇంకా మాట్లాడుతుంటాడా? ఏమంటాడు?

అన్నయ్య


మా ఇల్లు
సెప్టెంబరు 16

అన్నయ్యకు,

పార్సిల్ భద్రంగా చేరి నెల దాటింది. ఆలస్యంగా రాస్తున్నాను. ఆయన పెట్టె మూత తీసి, భూతద్దం పెట్టి, నువ్వు టంకం వేసిన చోటల్లా చూశారు. "వాడి చెయ్యి ఇంకా అలాగే ఉంది. ఒక్క చుక్క ఎక్కువ వేయడు" అన్నారు. రోజూ పొద్దున ఒక గంట వింటున్నారు. మొదటి వారం శబ్దం సగంలో ఉండేది. ఇప్పుడు ముప్పావు దాటింది. ఎదురింటి టీచరమ్మ నవ్వుతూనే, మీవారి పాటలకు మా పిల్లలు ఎక్కాలు మర్చిపోతున్నారు అంది. ఆయన మాత్రం ఇంకొంచెం పెంచనా అని నన్ను అడుగుతారు. పాట బాగుందో లేదో చెప్పరు. అడిగితే, మీ అన్నయ్య చేశాడు కదా, బాగానే ఉండాలి అంటారు.

పరీక్ష అయింది. గీత ఇంకా దిగింది. డాక్టరు అనుకున్నదాని కన్నా తొందరగా పోతోందట.

ఆ రోజు గురించి మాట్లాడతారా అని అడిగావు. మాట్లాడరు. ఇన్నేళ్లలో ఒకే ఒక్కసారి అన్నారు, అది కూడా పరీక్ష అయి వస్తుంటే, బస్సు కోసం నిలబడినప్పుడు. ఆయన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మిగతా నలుగురూ వాడిదే బాగుందన్నా నేను బాధపడేవాణ్ణి కాదు. వాళ్లకు తెలియదులే అనుకునేవాణ్ణి. నేనే చెయ్యి ఎత్తాను కదా. రెండోదే బాగుందని నేనే అన్నాను. నాకే వద్దనిపించిన పెట్టె ఇంకొకడికి ఎలా అమ్మను? అందుకే వచ్చేశాను" అన్నారు.

బస్సు వచ్చింది. ఎక్కేశాం.

నీ చెల్లెలు


షాపు, ఆదివారం, తలుపులు వేసి
సెప్టెంబరు 28

పిచ్చుకా,

ఈ ఉత్తరం మూడోసారి రాస్తున్నాను. మొదటి రెండూ చింపేశాను. ఇది చింపకముందే పోస్టులో వేస్తాను.

రెండు యాంప్లిఫయర్లను పోల్చి చూడాలంటే ముందు శబ్దం సమానం చేయాలి. ఒకే స్పీకరుకి మార్చి మార్చి కలిపి, మీటరు పెట్టి, ముల్లు రెండింటికీ ఒకే గీత మీద నిలిచేలా నాబ్‌లు తిప్పాలి. ఎందుకంటే రెండింటిలో ఏది గోరంత ఎక్కువ పలికినా చెవి దాన్నే మెచ్చుకుంటుంది. ఎక్కువైందని చెవికి తెలియదు. నిండుగా ఉంది, స్పష్టంగా ఉంది, బాగుంది అనుకుంటుంది. ఎంత అనుభవం ఉన్నవాడైనా అంతే. ఇది నాకు నేర్పింది ఎవరో తెలుసా? బావే. నేను పనిలో చేరిన మొదటి నెలలో, నా రెండు చెవులూ పట్టుకుని మరీ చెప్పాడు.

ఆ ఆదివారం ఇద్దరం కలిసే సమానం చేశాం. బావ ముల్లు చూసి, సరిపోయింది అని, కుర్చీలు సర్దడానికి దుప్పటి అవతలికి వెళ్లాడు. నేను దుప్పటి వెనకే ఉండిపోయాను. అప్పుడు నా పెట్టె నాబ్ కొంచెం తిప్పాను. గోరంత. చూపుకు కూడా తెలియనంత.

ముందుగా అనుకుని చేసింది కాదు. అలాగని ఏమరుపాటున చేసిందీ కాదు. షాపులో ఎవరు వచ్చినా ముందు బావనే అడిగేవారు. నేను చెప్పిన మాటను కూడా ఆయన వైపు తిరిగి, అంతేనా అండీ అని అడిగి నమ్మేవారు. ట్రాన్సిస్టర్ ఒక్కటే నాది అని ఉండేది. ఆ రోజు అదీ ఓడిపోతే ఇక జీవితమంతా ఆయన వెనక తీగలు చుట్టుకుంటూ ఉండాలనిపించింది.

నలుగురు బయటివాళ్లను పడగొడదామనుకున్నాను. బావ కూడా చెయ్యి ఎత్తుతాడని అనుకోలేదు. ఆయన పట్టుకుంటాడని, నాబ్ ఎవడు కదిపాడురా అని తిడతాడని ఒక పక్క ఎదురుచూశాను కూడా. ఎత్తిన చెయ్యి చూశాక నాకు నోరు రాలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆయన తన సామాను ఒక పెట్టెలో సర్దేసి వచ్చాడు. వెళ్లకు బావా అన్నాను. ఎందుకు వెళ్లకూడదో మాత్రం చెప్పలేదు.

మిల్లులో చేరాడని తెలిసినప్పుడు, మంచిదే, నెల జీతం వస్తుంది, నా చెల్లెలు సుఖపడుతుంది అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు నువ్వు రాసిన ఆ గీత, మెట్లు దిగే గీత, అది నేను గీసిందే.

నీకు ఇదంతా తెలియదు. నువ్వు అమ్మాయిని పడుకోబెట్టుకుంటూ అటు తిరిగి ఉన్నావు. ఇక బావకు చెప్పాలో వద్దో నువ్వే చెప్పు. చెబితే ఆయనకు మేలు అవుతుందో, ఇన్నాళ్లకు కొత్త పుండు అవుతుందో నాకు పాలుపోవడం లేదు. నువ్వు వద్దంటే ఊరుకుంటాను. చెప్పమంటే వస్తాను.

అన్నయ్య


మా ఇల్లు, వంటగది బల్ల మీద
అక్టోబరు 22

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు కావస్తోంది. ప్రతిరోజూ పొద్దున దేవుడి ముందు కూర్చుని, ఇవాళ రాస్తాను అనుకోవడం, సాయంత్రానికి మానేయడం.

నేను అటు తిరిగి లేను. చూశాను.

నీ బొటనవేలూ చూపుడువేలూ నాబ్ మీద పడటం, మణికట్టు కదలడం చూశాను. సమానం చేయడం ఎందుకో అప్పటికే ఆయన నోట వందసార్లు విన్నాను. నువ్వు ఏం చేస్తున్నావో నాకు ఆ క్షణమే అర్థమైంది. స్విచ్చి నా చేతిలో ఉంది. ఏమండీ, ఇలా రండి అని ఒక్క మాట అంటే చాలు. నా గొంతు చిన్నదే, కానీ ఆ రోజుల్లో ఆయనకు నా గొంతు ఏ గదిలో ఉన్నా వినపడేది.

ఎందుకు అనలేదో రాస్తున్నాను. అప్పటికి నెల రోజులుగా నేను దేవుణ్ణి ఒకటే అడుగుతున్నాను. ఆయనకు ఒక స్థిరమైన పని చూపించు, ఈ షాపు పిచ్చి వదిలించు అని. ఆర్డరు వస్తే రెండు వారాలు ఇంటికి రారు. అమ్మాయికి జ్వరం వస్తే ఒక్కదాన్నే ఎత్తుకుని పరుగెత్తాను. మిల్లులో పని ఉందని, ఉండటానికి క్వార్టరు కూడా ఇస్తారని పక్కింటివాళ్లు చెప్పి ఉన్నారు. ఆయనతో అంటే నవ్వేసేవారు. అలాంటప్పుడు నీ చెయ్యి కదలడం చూశాను. నా మొర ఆలకించాడు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను అన్నయ్యా. ఇది దేవుడు చేయిస్తున్న పని, నేను నోరు మెదపకూడదు అనుకుని, కళ్లు మూసుకుని లోలోపల దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత స్విచ్చి తిప్పాను.

నీ చేతిని తీసుకుపోయి దేవుడికి అంటగట్టాను. ఇరవై ఆరేళ్లు అందుకు ఆ దేవుడికి కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాను. క్వార్టరు వచ్చింది, అమ్మాయి చదువుకుంది, చల్లగా చూశావు తండ్రీ అనుకున్నాను. డాక్టరు ఆ కాగితం చూపించిన రోజు నుంచి ఆ ప్రార్థన నా నోటికి రావడం లేదు. ఆయనకు వినపడటం లేదని చెప్పలేక అబద్ధం చెప్పాను గానీ, అన్నయ్యా, ఆ అబద్ధం ఇప్పుడు సగం నిజమైంది. నిజంగానే మనసులోనే చదువుకుంటున్నాను.

జూన్‌లో నీకు రాసిన మొదటి ఉత్తరంలో దుప్పటి సంగతి ఎందుకు రాశానంటావు? నువ్వు చెబుతావేమో, నువ్వు చెబితే నాది బయటపడకుండా పోతుందేమో అని. నిన్ను రమ్మని బతిమాలింది కూడా అందుకే. తప్పు నీ ఒక్కడి నెత్తి మీద పెట్టేసి నేను పక్కన నిలబడదామనుకున్నాను.

కాబట్టి చెప్పాలా వద్దా అని నన్ను అడగకు. నాది నేను చెబుతాను. నోటితో చెప్పలేను. ఆయనకు వినపడేలా చెప్పాలంటే అరవాలి. అరిచి చెబితే ఎదురింటి టీచరమ్మకు ముందు తెలుస్తుంది. కాగితం మీద రాసి ఇస్తాను. నీ సంగతి కూడా అందులో రాయక తప్పదు.

నీ చెల్లెలు


షాపు
అక్టోబరు 30

పిచ్చుకా,

చూశావని తెలియదు. ఇన్నేళ్లూ పండగకూ పబ్బానికీ నాకు వడ్డిస్తూ, ఇంకొంచెం వేసుకో అన్నయ్యా అన్నావు. అదంతా చూసిన తర్వాతే అన్నావా?

చెప్పాక ఏమన్నాడో రాయి. వస్తాను. రావద్దంటే మాత్రం ఆ ఒక్క మాట రాయి.

అన్నయ్య


మా ఇల్లు, ముందు గది
నవంబరు 19

అన్నయ్యకు,

చెప్పేశాను. ఒక కాగితం రెండు వైపులా రాసి, పొద్దున ఆయన కళ్లజోడు పక్కన పెట్టి వంటగదిలోకి వెళ్లిపోయాను. గిన్నెలు తోముతూ ఉన్నాను. పిలుస్తారని చూశాను, పిలవలేదు. ఎంతకీ అలికిడి లేకపోతే వెళ్లాను. రెండోసారి చదువుతున్నారు. చదవడం అయ్యాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఎంత తిప్పాడు?" అని అడిగారు.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గోరంత సందు ఉంచి చూపించాను. దగ్గరికి రమ్మని నా చెయ్యి పట్టుకుని, కిటికీ వెలుగులో పెట్టి, ఆ వేళ్ల మధ్య సందు చూశారు.

"అంతే?" అన్నారు.

నా చెయ్యి వదిలేసి, "అది నేను పట్టుకోవాల్సింది. అప్పటి చెవికి అది తెలియాలి. శబ్దం పెరిగిందని అనుకోవాల్సింది పోయి బాగుందనుకున్నాను" అన్నారు. నిన్ను గానీ నన్ను గానీ ఏమీ అనలేదు. తిడితే బాగుండునని నిలబడ్డాను. రెండు రోజులు మంచినీళ్లు ఇస్తే తీసుకున్నారు. నా మొహం వైపు చూడలేదు. నా పెదవులు చూస్తే గానీ ఇప్పుడు ఆయనకు నా మాట తెలియదు. చూడకపోవడం అంటే వినకపోవడమే.

మూడో రోజు ఆ షాపుకి వెళ్లి వాల్వుల పెట్టె వారం రోజులకు అడిగి తెచ్చారు. మీటరు కూడా తెచ్చారు. రెండు పెట్టెలనూ మార్చడానికి స్విచ్చి ఒకటి తనే చేశారు. సోల్డరింగ్ రాడ్డు పట్టుకోగానే వేలు కాల్చుకున్నారు. అయినా పని అయ్యేదాకా లేవలేదు. శబ్దం సమానం చేసి, ముల్లు నన్ను చూడమన్నారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు చూడమన్నారు. దుప్పటి కట్టనా అని సైగ చేస్తే, "వద్దు, నేనే అటు తిరిగి కూర్చుంటాను. నువ్వు నాకు కనపడకపోయినా ఫరవాలేదు, నీకు నేను కనపడాలి" అన్నారు.

వరస లేకుండా ఇరవై సార్లు మార్చాను. ప్రతిసారీ ఆయన ఏది పలుకుతోందో చెప్పడం, నేను కాగితం మీద తప్పో ఒప్పో రాయడం. వేలు ఎత్తి వింటూ, చెయ్యి చెవి వెనక పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎంత కష్టపడ్డారో. అయ్యాక కాగితం చూపించాను. పదకొండు ఒప్పు, తొమ్మిది తప్పు.

"నాణెం ఎగరేసినా ఇంతే వస్తుంది" అన్నారు. నవ్వబోయారు, రాలేదు.

అప్పుడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. నా పెదవుల మీద చూపు పెట్టి, "ఆ రోజు నువ్వు స్పీకరుకు అందరికన్నా దగ్గరగా ఉన్నావు. నిన్ను ఎవరూ అడగలేదు. నాబ్ సంగతి వదిలెయ్. అసలు ఏది బాగుంది? నాదా, వాడిదా?" అని అడిగారు.

అన్నయ్యా, మీదే అండీ అని ఒక్క మాట చాలు. ఆయన కళ్లలో ఆ మాట కోసమే ఎదురుచూపు ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఆయనకు రావలసిన మాట. నోటిదాకా వచ్చింది కూడా. అబద్ధమో కాదో నాకే తెలియని మాట. ఎందుకంటే నేను వినలేదు. ఇవతల రెండు పెట్టెలూ మార్చి మార్చి పలుకుతుంటే, నేను కళ్లు మూసుకుని, ఆయన ఓడిపోవాలని దేవుణ్ణి అడుగుతూ కూర్చున్నాను. ఒక్క పాట కూడా నా చెవిన పడలేదు.

"నేను వినలేదండీ" అన్నాను.

మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. తల ఊపారు. ఈసారి అర్థమయ్యే ఊపారు.

"అయితే ఇక ఎప్పటికీ తెలియదన్నమాట" అన్నారు.

వాల్వుల పెట్టె ఉంచుకుంటున్నాం. షాపాయనకు కబురు చేశారు. ఎందుకని అడిగితే, "తేడా తెలియనివాడికి నచ్చింది ఉంచుకునే హక్కు ఉంది. ఇప్పుడు నన్ను ఎవరూ ఓడించలేరు" అన్నారు. నువ్వు పంపింది పక్కనే ఉంది, దుమ్ము పడకుండా గుడ్డ కప్పారు. వెనక్కి పంపమని గానీ ఇంకెవరికైనా ఇమ్మని గానీ అనలేదు. పొద్దున నేను దేవుడి ముందు కూర్చున్నప్పుడు వచ్చి ఎదురుగా కూర్చుంటున్నారు. పెదవులు చూస్తూ కూర్చుంటారు. నేను పైకే చదువుతున్నాను. నా మీద కోపం తగ్గిందో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

నువ్వు రావచ్చా అని ఆయనను అడిగాను. నీ పెద్ద ఉత్తరం కూడా చదవమని ఇవ్వబోయాను. చేత్తో పక్కకు నెట్టేశారు.

"కాగితాలు వద్దు. వాణ్ణి వచ్చి నోటితో చెప్పమను. నాకు వినపడేదాకా చెప్పమను" అన్నారు.

కుడి చెవి కొంచెం నయం. ఆ పక్కన కూర్చో. ఎదురింటివాళ్లకు తెలుస్తుందని నేను కాగితం మీద రాశాను. వీధి వీధంతా తలుపులు తీసుకుని బయటికి వచ్చినా సరే, నువ్వు మాత్రం గొంతు తగ్గించకు.

నీ చెల్లెలు